ఆయన ఫోను నంబరు ఇప్పుడే తీసేయకండి

ప్రశ్న: మావారు చనిపోయి మూడు వారాలైంది. డబ్బు వ్యవహారాలన్నీ ఆయనే చూసుకునేవారు. ఏ బ్యాంకులో ఏముందో కూడా నాకు తెలియదు. ఇంటి రుణం వాయిదా కోసం ఫోన్లు వస్తున్నాయి. బీమా సొమ్ము ఎక్కడ పెట్టాలో చెబుతామంటూ తెలిసినవాళ్లు ఇంటికి వస్తున్నారు. పిల్లలిద్దరూ ఇంకా చదువుకుంటున్నారు. ముందు ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఈ స్థితిలో కూర్చుని ఇంత వివరంగా రాశారంటే, ఇక ముందు పనులు కూడా మీరు చేసుకోగలరు. మీరు భయపడుతున్నంత తొందర వీటిలో చాలావాటికి లేదు.

మరణ ధ్రువీకరణ పత్రం పది ప్రతులైనా తీసుకోండి. బ్యాంకు, బీమా సంస్థ, ఆయన పనిచేసిన సంస్థ, ఆస్తి రిజిస్ట్రేషన్, ప్రతిచోటా అడుగుతారు. అందులో ఆయన పేరు పాస్‌బుక్కులో, పాలసీలో ఉన్నట్టే ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి. క్లెయిము మధ్యలో బయటపడితే నెలలు పడుతుంది.

ఆయన ఫోను నంబరు మాత్రం రద్దు చేయించకండి. ఖర్చు తగ్గుతుందని చాలామంది మొదట చేసే పని ఇదే, తర్వాత ఎక్కువగా బాధపడేదీ దీని గురించే. బ్యాంకు సందేశాలు, ప్రీమియం గడువు గుర్తుచేసే సందేశాలు, మీకు తెలియని ఖాతాల ఆనవాళ్లు అన్నీ ఆ నంబరుకే వస్తాయి. కనీసం ఏడాది పాటు రీఛార్జి చేయించండి. అయితే ఆయన కార్డుతో, పిన్‌తో డబ్బు తీయకండి. మీ భర్త డబ్బే అయినా, ఖాతాదారు మరణించాక అలా తీయడం నిబంధనలకు విరుద్ధం. రేపు ఇతర వారసులు ప్రశ్నిస్తే జవాబు చెప్పుకోవలసింది మీరే. ఉమ్మడి ఖాతా ఉంటే మీరు కొనసాగించుకునే వీలుండవచ్చు. బ్యాంకులో అడగండి.

ఎక్కడ ఏముందో తెలియదన్నారు కదా. వారసురాలిగా బ్యాంకుకు దరఖాస్తు పెట్టి, ఆయన ఖాతా స్టేట్‌మెంటు పూర్తిగా 12 నెలలది తీసుకోండి. మూడు నెలలది చాలదు. బీమా ప్రీమియం, లాకరు అద్దె, ఇంటి పన్ను వంటివి ఏడాదికి ఒకసారే కట్టేవి ఉంటాయి. పెన్సిలుతో ఒక్కో వరుసా చూడండి. నెలనెలా ఒకే మొత్తం వెళ్తుంటే అది రుణమో, పొదుపో అయి ఉండవచ్చు. చిన్న మొత్తంలో వడ్డీ జమ అయి, అది ఆ పొదుపు ఖాతా వడ్డీ కాకపోతే, ఎక్కడో ఒక డిపాజిట్ ఉండి ఉండవచ్చు. ఆయన పనిచేసిన చోట బకాయి జీతం, భవిష్య నిధి, గ్రాట్యుటీతో పాటు ఉద్యోగుల సామూహిక బీమా గురించి కూడా అడగండి. దాని సంగతి ఎవరూ తమంతట తాము చెప్పకపోవచ్చు.

ఇంటి రుణం విషయంలో ఫోనులో ఏ మాటా ఇవ్వకండి. మరణ సమాచారాన్ని లిఖితపూర్వకంగా తెలిపి, మిగిలిన బాకీ ఎంతో, రుణంతో పాటు బీమా తీసుకున్నారో లేదో కాగితం మీద ఇవ్వమనండి. బీమా ఉంటే ఆ బాకీ అంతా దానితోనే తీరిపోవచ్చు. మీరు కూడా రుణపత్రం మీద సంతకం చేసి ఉంటే ఈ లెక్క తేలేవరకు వాయిదా ఆపకండి, ఇల్లు తాకట్టులో ఉంది. మీ సంతకం లేని అప్పులు వేరు. చాలా దేశాల్లో అవి ఆయన వదిలి వెళ్లిన ఆస్తి నుంచే తీరాలి, మీ సొంత సంపాదన నుంచి కాదు. కొన్ని దేశాల్లో వారసత్వాన్ని అంగీకరిస్తే అప్పులూ వెంట వస్తాయి. కాబట్టి దేనిమీదైనా సంతకం చేసేముందు న్యాయవాదికి చూపించండి.

ఇక బీమా సొమ్ము. ఇది గట్టిగా చెబుతున్నాను: ఆరు నెలల పాటు దానితో ఏమీ కొనకండి. కొత్త పాలసీ వద్దు, స్థలం వద్దు, బంధువుకు చేబదులూ వద్దు. నమ్మకమైన బ్యాంకులో మీ పేరిట డిపాజిట్ చేసి, ఏడాది ఇంటి ఖర్చు మాత్రం పొదుపు ఖాతాలో ఉంచుకోండి. ఎవరైనా ఒత్తిడి చేస్తే నా పేరు చెప్పి తప్పించుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. క్లెయిము విడుదల కావాలంటే ముందుగా రుసుము కట్టమని ఫోను వస్తే అది మోసమే.

ఆయన ఆదాయానికి చివరి పన్ను రిటర్ను ఎవరో ఒకరు వేయాలి, ఆడిటరుకు అప్పగించండి. ఆరోగ్య బీమా ఆయన పేరిట ఉంటే మాత్రం ఈ వారమే ఆ సంస్థను సంప్రదించండి. మీకూ పిల్లలకూ రక్షణ ఒక్కరోజు కూడా ఆగకూడదు.

మరొకటి. మీ ఖాతాల్లో, మీ పాలసీల్లో నామినీగా ఇంకా ఆయన పేరే ఉండి ఉంటుంది. ఎప్పుడు బ్యాంకుకు వెళ్లినా ఆ ఫారం కూడా అడిగి తీసుకోండి. పిల్లల పేర్లు రాయండి. వాళ్లు మైనర్లయితే, వాళ్ల తరఫున సొమ్ము అందుకునే పెద్దవారి పేరు కూడా అందులో ఉండాలి. ఆ మనిషి ఎవరో మీరు నిదానంగా ఆలోచించుకుని రాయండి.