అమ్మగారి బీరువా దగ్గర మొదలుపెట్టకండి

విశాఖ ఎంవీపీ కాలనీలో రెండు గదుల ఫ్లాట్, అమ్మగారు పోయి రెండేళ్ళు, ఉగాదిలోపు ఇల్లంతా తేలిక చేసుకుందామని మూడుసార్లు కూర్చుని మూడుసార్లూ ఆవిడ బీరువా ముందు ఏడ్చి వదిలేశానని రాశారు. సామాను తగ్గితే మనసులో బరువు కూడా తగ్గుతుందా అని అడిగారు. నా అనుభవంలో తగ్గింది. కానీ మీరు మొదలుపెట్టిన చోటు తప్పండీ. ఆ బీరువా అన్నిటికంటే చివర తెరవాల్సింది.

మాదీ విశాఖే, సీతమ్మధార. మా అత్తయ్యగారు 2019లో పోయారు. ఆవిడ గది తలుపు దగ్గరగా వేసి నాలుగేళ్ళు అలాగే ఉంచేశాం. 2023 ఉగాదికి ముందు మావారు, నేను రెండు ఆదివారాల్లో అయిపోతుందనుకుని దిగితే మూడు వారాలు పట్టింది.

ముందు అటక దించాం. అక్కడ ఎక్కువగా ఉన్నది అత్తయ్యగారి సామాను కాదు, హుద్‌హుద్ తుఫాను తర్వాత పోగేసిన సామాను. అప్పుడు మీరు విశాఖలో ఉన్నారో లేదో. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి. మా హాల్లో కిటికీ అద్దాలు పగిలి పరుపులు, పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. ఆ తర్వాత మా వీధికి ఆరు రోజులు కరెంటు లేదు. మోటారు ఆడదు కాబట్టి నీళ్ళూ లేవు. పాల పాకెట్ కోసం గంటలకొద్దీ నిలబడ్డాం. అప్పటినుంచి ఇంట్లోంచి ఏది బయటికి పంపుదామన్నా ఎవరో ఒకరు “మళ్ళీ తుఫాను వస్తే?” అనేవారు. అలా పోగైనవి నాలుగు ఇరవై లీటర్ల క్యాన్లు, ఆరు బకెట్లు, రెండు టార్పాలిన్లు, కొవ్వొత్తుల పాకెట్లు, మూడు టార్చిలైట్లు, ఒక చార్జింగ్ లైటు.

హాల్లో పరిచి ఒక్కొక్కటీ చూశాం. టార్చిల్లో సెల్లు కారిపోయి లోపలంతా చిలుం పట్టింది. ఒక్కటీ వెలగలేదు. కొవ్వొత్తులు ఎండాకాలం వేడికి వంగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. చార్జింగ్ లైటు బ్యాటరీ ఉబ్బింది. టార్పాలిన్లు మడత పెట్టిన చోటల్లా చిట్లాయి. ఆ రాత్రే తుఫాను వచ్చి ఉంటే అటక నిండా అంత సామాను పెట్టుకుని కూడా చీకట్లోనే కూర్చునేవాళ్ళం. మావారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎనిమిదేళ్ళకు పైగా మేం మా భయాన్నే అటకెక్కించి ఉంచుకున్నామని ఇద్దరికీ అర్థమైంది.

అలాగని అన్నీ పారేయలేదు. సముద్రం ఒడ్డున ఉంటూ తుఫాను సంగతి మర్చిపోకూడదు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టుకున్నాం. అందులో ఒక మంచి టార్చి, విడిగా కొత్త సెల్లు, పవర్ బ్యాంకు, అగ్గిపెట్టెలు, ఓఆర్ఎస్ పాకెట్లు, రోజూ వేసుకునే మందులు వారానికి సరిపడా, ముఖ్యమైన కాగితాల జిరాక్సులు ఉంటాయి. క్యాన్లు రెండే ఉంచాం. బంగాళాఖాతంలో తుఫాన్లు ఎక్కువగా వచ్చేది వేసవిలో, మళ్ళీ అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య. అందుకని ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి ఆ డబ్బా తెరిచి చూస్తాం. మీ ఇంట్లో కూడా “ఎప్పుడైనా అవసరం పడితే” అని దాచినవి ముందు దించండి. పనిచేస్తున్నాయో లేదో చూడండి. వాటిమీద మీకు ప్రేమ ఉండదు కాబట్టి చెయ్యి వణకదు, సగం ఇల్లు అక్కడే ఖాళీ అవుతుంది.

కారిపోయిన సెల్లు, ట్యూబ్‌లైట్లు, గడువు దాటిన మందులు మామూలు చెత్తలో కలపకండి. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో వీటిని ఇంటి ప్రమాదకర చెత్త కింద విడిగా చెప్పారు. వేరే సంచిలో వేసి, లోపల ఏముందో చెప్పి జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) చెత్తబండి వాళ్ళకి ఇవ్వండి. కొంతమంది పాత ప్లాస్టిక్ అంతా భోగి మంటకని దాస్తారు, అది మాత్రం వద్దు. ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

వంటింటి గురించి పెద్దగా చెప్పేది లేదు, ఒక్క పూటలో అయిపోతుంది. స్వీటు డబ్బాలు, మూత లేని సీసాలు, సీసా లేని మూతలు. పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు మాకు నలభైకి పైగా తేలాయి. మనకి పెట్టినవే మనం ఇంకొకరికి పెట్టి, అవి తిరిగి తిరిగి మన ఇంటికే వస్తాయి. బాగున్నవి కుట్టుమిషను పెట్టుకున్న ఒకావిడకి ఇచ్చేస్తే సంచులు, దిండు గలీబులు కుట్టుకుంది. పాత దేవుడి పటాల దగ్గర చాలామంది ఆగిపోతారు, మేమూ ఆగాం. ఫ్రేము, అద్దం తీసేసి, లామినేషన్ లేని కాగితం పటాలైతే బకెట్ నీళ్ళలో నానబెట్టి ఆ ముద్దని వేపచెట్టు మొదట్లో మట్టిలో కలిపాం. రోడ్డు పక్క చెట్టు కింద వదిలేసి రావడానికి నాకు మనసొప్పలేదు. మన ఊరి ఉప్పుగాలికి తోలు బ్యాగులు బూజు పడతాయి, ఇనుప పెట్టెలు తుప్పు పడతాయి. కలరా ఉండలు వేస్తే పురుగు రాదేమో కానీ చెమ్మ ఆగదు. సామాను గోడకి ఆనించకుండా జానెడు ఎడం ఉంచండి.

ఇక మనసు సంగతి. అటక మూల గోనెసంచిలో చుట్టి అత్తయ్యగారి ఇత్తడి గుండిగ ఉంది. యాభై మందికి పులిహోర కలపొచ్చు అందులో. ఆవిడ పోయిన కొత్తలో మా తోడికోడలు “గుండిగ నాకు ఇస్తావా అక్కా, వ్రతాలకి పనికొస్తుంది” అని అడిగింది. చూద్దాంలే అన్నాను. తను మళ్ళీ అడగలేదు. మెల్లగా ఫోన్లు తగ్గాయి. పండక్కి వచ్చినా గంటలో వెళ్ళిపోయేవారు. నేను ఆ గుండిగని నాలుగేళ్ళలో ఒక్కసారి దించింది లేదు. మంచాన పడ్డ మనిషికి సేవ చేసింది నేను, అడగడానికి మాత్రం తను వచ్చిందా అన్న పట్టుదల లోపల ఉండిపోయింది. ఎవరితోనూ అనలేదు, మావారితో కూడా.

చింతపండు వేసి తోమితే తళతళలాడింది. ఆ ఆదివారమే ఆటోలో గాజువాక తీసుకెళ్ళాం. తలుపు తీసిన మనిషి గుండిగని చూసి “ఇదేంటక్కా” అని నిలబడిపోయింది. కాఫీ పెట్టి తెచ్చి నా పక్కన కూర్చుని, ఆ రోజుల్లో తన చిన్నవాడికి ఒంట్లో బాగోక ఆసుపత్రి చుట్టూ తిరిగిందని, అత్తయ్యగారి పరిస్థితి చూసి మాకు ఇంకో టెన్షన్ ఎందుకని చెప్పలేదని అంది. నాలుగేళ్ళు నాకు ఆ సంగతి తెలియదు. ఇద్దరం ఏడ్చాం. అప్పటికి పదిహేను సంచులు ఇంట్లోంచి పంపించాను, ఏ రోజూ అంత తేలిగ్గా అనిపించలేదు. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

అందుకని సర్దేటప్పుడు ఒక సంచి విడిగా పెట్టుకోండి. పక్కింటి వాళ్ళ గిన్నె, ఎవరో ఇచ్చిన పుస్తకం, ఇస్తానని ఇవ్వకుండా ఉంచినవి, అన్నీ అందులో వేసి మీరే స్వయంగా వెళ్ళి ఇచ్చి రండి. మీరు అడిగిన మనసు బరువు చాలావరకు ఆ సంచిలోనే ఉంటుంది.

అమ్మగారి బీరువాకి వస్తాను. మీ తమ్ముడు ఉగాదికి హైదరాబాద్ నుంచి వస్తున్నాడని రాశారు కదా, ఆ రోజు వరకు తాళం తీయకండి. ఇద్దరూ కలిసి తెరవండి. ప్రతి చీర మడతా విప్పి చూడండి. మా అత్తయ్యగారి చీరల్లో ఒక డిపాజిట్ రసీదు, మూడు పాత అయిదు వందల నోట్లు దొరికాయి. 2016 నవంబరులో రద్దయిన నోట్లు కాబట్టి అవి దేనికీ పనికిరాలేదు, రసీదు పనికొచ్చింది. అమ్మగారి పాత బ్యాంకు ఖాతాల గురించి అనుమానం ఉంటే, పదేళ్ళకు పైగా ఎవరూ అడగని డిపాజిట్లు వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గమ్ అని ఒక పోర్టల్ పెట్టింది, అందులో చూడండి. స్థలం కాగితాలు, వాటి లింకు డాక్యుమెంట్లు (ఆ స్థలం అంతకుముందు ఎవరెవరి చేతులు మారిందో చూపే పాత దస్తావేజులు) ఎంత పాతవైనా పారేయొద్దు.

నేత చీరలు రెండు పక్కన పెట్టి బొంత కుట్టించుకోండి. మేం కుట్టించిన బొంత మా అమ్మాయి హాస్టల్‌కి తీసుకెళ్ళింది. పట్టుచీరలు ఎవరికి ఏది అన్నది మీరూ తమ్ముడూ ఆ రోజే మాట్లాడుకోండి, చూద్దాంలే అనుకోవద్దు. ఇవ్వలేనిది ఏదైనా ఉంటే ఉంచేసుకోండి. అత్తయ్యగారి కళ్ళజోడు మావారు ఇవ్వలేకపోయారు. ఇప్పటికీ ఆయన సొరుగులో ఉంది, అప్పుడప్పుడు తీసి తుడిచి పెడతారు.