టెక్ సందేహాలు: గూడ్స్ బండ్ల లెక్క, మేడ మీద కెమెరా

కాజీపేట-విజయవాడ లైను పక్కన ఇల్లున్నవాళ్లు, గూడూరు వైపు గేటు దగ్గర కొట్టు నడిపేవాళ్లు, దువ్వాడ దగ్గర చదువుకునే పిల్లలు. ఏ గూడ్సు ఏ ఇంజన్‌తో, ఎన్ని వ్యాగన్లతో, ఎటు పోయిందో రాసిపెట్టుకునేవాళ్ల నుంచి నాకు మెయిళ్లు బాగా పెరిగాయి. నాకు ఎంతో ఇష్టమైన వ్యాపకం ఇది. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి ఈ వారం మొత్తం వాళ్లకే.

ప్రశ్న: గూడ్స్ బండి ఇప్పుడు ఎక్కడుందో లైవ్‌లో చూపించే యాప్ చెప్పండి.

లేదు. ఎవరు అడిగినా ఇదే జవాబు. ప్రయాణికుల బండికి టైంటేబుల్ ఉంటుంది, అది ఎక్కడుందో రైల్వే తన ఎన్టీఈఎస్ యాప్‌లో అందరికీ చూపిస్తుంది. గూడ్సుకు మామూలుగా అలాంటి టైంటేబుల్ ఉండదు. కంట్రోల్ వాళ్లు దారి దొరికినప్పుడు వదులుతారు, ఎక్స్‌ప్రెస్ వెనక వస్తోందంటే స్టేషన్లో పక్కకు తీసే లూప్ లైన్లో పెట్టి గంటలు గంటలు ఆపుతారు. గూడ్సుల లెక్కంతా ఎఫ్ఓఐఎస్ అనే రైల్వే సొంత వ్యవస్థలో ఉంటుంది. సరుకు బుక్ చేసుకున్నవాళ్లు తమ నంబరు కొట్టి తమ సరుకు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు. ఊరందరి సరుకూ అందరికీ చూపించే ఏర్పాటు లేదు, ఉండకూడదు కూడా.

కాబట్టి ‘లైవ్ గూడ్స్ ట్రాకింగ్’ అంటూ ఎవరైనా యాప్ పెడితే, దాని దగ్గర చూపించడానికి ఏమీ లేదని ముందే తెలుసుకోండి. అది కాంటాక్టులు, మెసేజీలు, లొకేషన్ అడుగుతోందంటే తీసుకోవడానికే వచ్చిందన్నమాట. ఇప్పటికే పెట్టుకున్నవాళ్లు ఈ పేరా చదవడం అయ్యాక తీసేయండి.

ప్రశ్న: కొత్త ఫోన్ కొన్నాను, 4కే వీడియో తీస్తున్నాను. అయినా ఆపి చూస్తే వ్యాగన్ నంబర్లు అలుక్కుపోయినట్టు ఉంటున్నాయి. ఇంకా మంచి కెమెరా ఫోన్ కొనాలా? (ఖమ్మం నుంచి)

వద్దండి. మీ సమస్య మెగాపిక్సెళ్లతో తీరేది కాదు, షట్టర్ వేగంతో తీరుతుంది. గంటకు 60 కిలోమీటర్లతో పోయే బండి సెకనుకు దాదాపు 16.7 మీటర్లు కదులుతుంది. సాయంత్రం వెలుగు తగ్గాక మీ ఫోన్ తనంతట తాను షట్టర్‌ను 1/30 సెకనుకు దించేస్తే, ఆ ఒక్క ఫ్రేము తీసేలోపే వ్యాగన్ అరమీటరు పైన జరిగిపోతుంది. ఇక నంబరు ఎలా కనబడుతుంది? ప్రో మోడ్‌లోకి వెళ్లి షట్టర్ 1/1000 పెట్టండి, అప్పుడు జరిగేది రెండు సెంటీమీటర్ల లోపే. బొమ్మ కాస్త చీకటిగా వస్తుంది, రానివ్వండి. నంబరు చదవడానికి అది చాలు. పట్టాలకు మరీ దగ్గరగా కాకుండా కాస్త దూరంగా నిలబడి, రెండింతల జూమ్‌తో తీస్తే ఇంకా స్థిరంగా వస్తుంది.

ఈ సందర్భంలోనే ఇంకో మాట చెప్పాలి. ఇప్పుడు చాలా ఫోన్లు జూమ్ చేసిన బొమ్మను ఏఐతో ‘బాగుచేసి’ ఇస్తున్నాయి. మసకగా ఉన్న 3ని తీసుకుని నిగనిగలాడే 8ని మన చేతిలో పెడతాయి. మసకగా ఉంటే కనీసం తెలియలేదని ఖాళీ వదిలేస్తాం. ఇది తప్పును స్పష్టంగా చూపించి నమ్మిస్తుంది. లెక్క రాసేవాడికి ఇంతకంటే చేటు లేదు. అది ఆపే వీలు సెట్టింగుల్లో ఎక్కడో లోపల దాచిపెట్టడం, కొన్నింటిలో అసలు ఇవ్వకపోవడం బాధ్యత లేని డిజైన్. ఆపే వీలుంటే ఆపేయండి.

తప్పు చదివామేమో పట్టుకునే మార్గం నంబరులోనే ఉంది. మన వ్యాగన్లకు 11 అంకెలుంటాయి. మొదటి రెండూ వ్యాగన్ రకం (10 నుంచి 29 వరకు పైన తెరిచి ఉండేవి, 30ల్లో మూసి ఉండేవి, 40ల్లో ట్యాంకులు), తర్వాత రెండూ అది ఏ రైల్వేదో చెబుతాయి, ఆ తర్వాత రెండూ తయారైన సంవత్సరం, నాలుగు అంకెలు వరుస నంబరు, చివరిది తనిఖీ అంకె. తనిఖీ ఇలా: సరి స్థానాల్లోని అంకెలు, అంటే రెండోది, నాలుగోది అలా పదోదాకా కూడి మూడుతో గుణించండి. బేసి స్థానాల్లోవి, అంటే ఒకటోది మొదలు తొమ్మిదోదాకా కూడి దానికి కలపండి. వచ్చినదాన్ని పై పదికి తేవడానికి ఎంత కావాలో అదే చివరి అంకె. ఉదాహరణకు 10 07 16 1234 అనుకుందాం. సరి స్థానాల మొత్తం 19, మూడింతలు 57. బేసి స్థానాలవి 6. మొత్తం 63. 70కి ఇంకా 7 కావాలి. చివర 7 లేకపోతే మీరు ఎక్కడో తప్పు చదివారు. ఒక్క అంకె తప్పు చదివితే ఈ లెక్క కచ్చితంగా పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే కూడా పట్టుకుంటుంది గానీ, వాటి మధ్య తేడా సరిగ్గా 5 అయితే మాత్రం దాటిపోతుంది. లెక్క రాసే ఎక్సెల్ షీట్‌లో ఒక కాలమ్ దీనికి పెట్టుకోండి.

షీట్ అంటే గుర్తొచ్చింది. వ్యాగన్ నంబర్ల కాలమ్‌ను ముందే ‘టెక్స్ట్’ ఫార్మాట్‌లో పెట్టండి. గడి ఇరుకైతే ఎక్సెల్ 11 అంకెల నంబరును దశాంశాలతో కుదించి చూపిస్తుంది. ఆ స్థితిలో సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలుగా సేవ్ చేస్తే కుదించినదే ఫైల్లోకి వెళ్తుంది, మిగతా అంకెలు పోయినట్టే. ఇలా నెలల లెక్క పోగొట్టుకున్నవాళ్లు రాస్తూనే ఉంటారు. పోయినవి తిరిగి తెప్పించే ఉపాయం లేదు.

ప్రశ్న: నా ఫొటోల టైం సరిగ్గానే ఉంది. వీడియోల వివరాలు ప్రోగ్రాంతో బయటికి తీస్తే మాత్రం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తోంది. ఫోన్ పాడైందా?

ఫోన్ బాగానే ఉంది. ఎంపీ4 వీడియోలో తీసిన సమయం యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో నమోదవుతుంది, ఫొటోలో మన ఊరి టైం నమోదవుతుంది. తెల్లవారుజామున 2 గంటలకు పోయిన బండి మీ లాగ్‌లో ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నరకి పడుతుంది, తేదీ కూడా మారిపోతుంది. వీడియోల నుంచి తీసుకున్న టైంకి 5.30 కలపండి.

ప్రశ్న: మా ఇల్లు మెయిన్ లైను పక్కనే. మేడ మీద వైఫై కెమెరా పట్టాల వైపు తిప్పి పెట్టాను. బండి వస్తే అలర్ట్ వస్తుంది. అందరూ చూస్తారని లైవ్ లింకు మా రైలు మిత్రుల గ్రూపులో పెట్టాను. ఈ మధ్య రాత్రిళ్లు కెమెరా దానంతట అదే తిరుగుతోంది. ఎందుకు? (రాజమండ్రి వైపు నుంచి)

ముందు దాని ప్లగ్ పీకండి. మిగతాది తర్వాత చదవండి.

తిరిగే కెమెరాల్లో కదిలేదాని వెంట తిరిగే సెట్టింగ్ ఉంటుంది, కరెంటు పోయి వస్తే ఒకసారి అటూఇటూ తిరిగి కుదురుకుంటుంది కూడా. మీ విషయంలో అదే అయి ఉండొచ్చు. కానీ కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చలేదని మీ మెయిల్లో మీరే రాశారు. లింకు గ్రూపులో ఉంది, గ్రూపులో ఎవరెవరున్నారో మీకు తెలియదు. ఇన్ని ఉన్నప్పుడు బయటివాళ్లు తిప్పుతున్నారనే అనుకుని పని మొదలుపెట్టాలి.

కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు ఏం చేయగలవో 2016లోనే ప్రపంచం చూసింది. మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల చిన్న జాబితా పట్టుకుని ఇంటర్నెట్‌లో తలుపు తెరిచి ఉన్న కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లలోకి దూరింది. ఆ ఏడాది అక్టోబరు 21న సైట్ల పేరు కొడితే వాటి ఇంటర్నెట్ చిరునామా వెతికిపెట్టే డైన్ అనే సంస్థ సర్వర్ల మీద వాటితో దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లే చాలామందికి తెరుచుకోలేదు. ఆ కెమెరాల యజమానులకు తమ వస్తువు అందులో పాల్గొందని కూడా తెలియదు.

మీ కెమెరా విషయంలో నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఇంకొకటి. అది చూస్తున్నది మీ గేటును కాదు, మెయిన్ లైనును. ఆ లైన్లో బొగ్గు, సిమెంటు, ఎరువులు పోతాయి. పెట్రోలు ట్యాంకులు పోతాయి. అప్పుడప్పుడు సైన్యం బండ్లు కూడా పోతాయి. గేటు దగ్గర నిలబడిన మనిషైతే సైనిక స్పెషల్ వస్తే పెన్ను మూసేసి ఊరుకుంటాడు, ఊరుకోవాలి కూడా. కెమెరాకు ఆ తెలివి లేదు. అది సైన్యం బండినీ అదే శ్రద్ధతో, సెకనుతో సహా ఎవరు చూస్తున్నారో తెలియని చోటికి పంపిస్తుంది. ఇంకో ఊళ్లో మీలాంటి మిత్రుడిదే రెండో కెమెరా ఉంటే చాలు, రెండూ చూసేవాడికి దిశ, వేగం, తర్వాతి ఊరు దాటే సమయం అన్నీ తెలిసిపోతాయి. సైనిక స్పెషల్ బండ్ల వివరాలు అడుగుతూ ఫోన్లు వస్తే చెప్పవద్దని 2025 మే నెలలో రైల్వే బోర్డు తన సిబ్బందినే హెచ్చరించింది. ఉద్యోగులే నోరు విప్పకుండా ఉంటుంటే మన మేడ మీద నుంచి ఆ వివరాలు ఉచితంగా పోకూడదు. లైవ్ లింకు తీసేయండి. ఏ రూపంలోనూ మళ్లీ పెట్టకండి. పట్టాల వైపు కెమెరా మీ ఇంటి భద్రతకు అవసరమా అని కూడా ఒకసారి ఆలోచించండి. అవసరం లేదనుకుంటే తీసేయడమే మంచిది.

ఉంచుకుంటానంటే, కెమెరాను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, ఇంకెక్కడా వాడని పొడవాటి పాస్‌వర్డ్ పెట్టండి. రౌటర్లో యూపీఎన్‌పీ (వస్తువులు తమంతట తామే బయటికి దారి తెరుచుకునే సెట్టింగ్) ఆపండి, బయటి నుంచి లోపలికి రావడానికి ఎప్పుడైనా తెరిచిన పోర్టులుంటే మూసేయండి. కెమెరాను గెస్ట్ వైఫైలో వేరుగా ఉంచండి, అందులో బ్యాంకు పనులు చేసే ఫోన్ ఉండకూడదు. రికార్డింగ్ మెమరీ కార్డులోకే పోవాలి. బయటి నుంచి చూడాలంటే వీపీఎన్ (మీ ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి) ద్వారా ఇంట్లోకి వచ్చి చూడండి.

ఇంత శ్రమ మీ మీద ఎందుకు పడుతోంది? ఈ చవక వైఫై కెమెరాలను అలా తయారుచేశారు కాబట్టి. పెట్టె తెరిచి బిగిస్తే పాస్‌వర్డ్ మార్చమని నిలేయదు. మన మేడ మీది బొమ్మ మన హాల్లో చూడాలంటే ఎక్కడో ఉన్న సర్వర్ దాకా పోయి రావాలి. యాప్ లేకపోతే కెమెరా పనికిరాదు, అకౌంట్ లేకపోతే యాప్ పనికిరాదు. అప్‌డేట్ వస్తే భద్రత పెరగాలి. ఇక్కడ అప్‌డేట్ తర్వాత మనం ఆపిన క్లౌడ్ మళ్లీ ఆన్ అయి ఉంటుంది, నిన్నటిదాకా కార్డులోంచి నేరుగా చూసిన వీడియోకి ఇవాళ నెలకింత చందా కట్టమంటుంది. మా ఇంటి గుమ్మం దగ్గరున్న కెమెరాకు ఇదే జరిగింది. నేను దాన్ని తీసి పక్కన పెట్టాను. కొన్నవాడి అనుమతి లేకుండా అతని సెట్టింగ్ మార్చే ఏ అప్‌డేట్ అయినా తప్పే. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు, మంచి పని. కానీ అంతకుముందు కొని గోడలకు బిగించినవి అలాగే ఉన్నాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

ప్రశ్న: ఫొటో పెడితే మా ఇల్లు ఎక్కడో తెలిసిపోతుందా?

కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటోతో పాటు అక్షాంశ రేఖాంశాలూ పోతాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అవి తొలగిపోతాయి. క్వాలిటీ తగ్గకూడదని అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నవి ఉన్నట్టు పోతాయి. రైళ్ల ఫొటోలు పంచుకునేవాళ్లు ఎక్కువగా చేసేది ఈ రెండోదే. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి. ఏ స్టేషన్ దగ్గరో మీ షీట్‌లో చేత్తో రాసుకోండి.

ప్రశ్న: పట్టాల పక్కన ట్రైపాడ్ పెట్టి తీయొచ్చా?

వద్దు. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్లడం 1989 నాటి రైల్వే చట్టం సెక్షన్ 147 కింద నేరం, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. పాదచారుల వంతెన మీద నుంచి సెల్ఫీ కర్ర కిందికి దించే పని అసలే వద్దు, కింద ఉన్న తీగల్లో 25,000 వోల్టులుంటాయి.

ప్రశ్న: ఒక్కోసారి రెండు ఇంజన్లు అతుక్కుని ఒకేలా ఉంటాయి. ఒకటని రాయాలా, రెండని రాయాలా? అసలు ఈ పాత లెక్కలు ఎవరికైనా పనికొస్తాయా? (డోర్నకల్ నుంచి)

నంబరు చూడండి. డబ్ల్యూఏజీ-12 రెండు భాగాలుగా ఉన్నా నంబరు ఒక్కటే, 12,000 హార్స్‌పవర్ ఇంజన్. దాన్ని ఒకటని రాయండి. రెండు డబ్ల్యూఏజీ-9లు జత కట్టి వస్తే వేటి నంబరు వాటికే ఉంటుంది, రెండని రాయండి.

పనికొస్తాయి. మణుగూరు బొగ్గు మెయిన్ లైన్లో కలిసే చోట మీరున్నారు. లోడుతో ఎటు పోయాయి, ఖాళీగా ఎటు తిరిగాయి అన్నది సంవత్సరాల తరబడి రాస్తే ఆ లైను నడిచిన తీరు అందులో కనిపిస్తుంది. 2021 అక్టోబరు 7న కొండపల్లి నుంచి ఖుర్దా డివిజన్‌కు మూడు ఖాళీ రేక్‌లు (ఒక్కోటి ఒక పూర్తి గూడ్సు బండి) కలిపి 177 వ్యాగన్లతో ‘త్రిశూల్’ అని ఒకే బండి నడిపారు. ఆ దారిలో ఆ రోజు ఎవరైనా వ్యాగన్లు లెక్కపెట్టి, తమ ఊరు దాటిన టైం రాసి ఉంటే, ఆ కాగితం నేను చూడాలనుకుంటాను. తేదీ, టైం, అప్ లేదా డౌన్, ఇంజన్ నంబరు, ఆ ఇంజన్ ఏ షెడ్డుదో ఆ పేరు, వ్యాగన్ రకం, లోడా ఖాళీయా, ఎన్ని వ్యాగన్లు అన్న కాలమ్‌లు చాలు. చూసిన రోజే పెట్టకుండా నెల పోయాక పంచుకోండి. ఫోన్ మార్చే ముందు షీట్‌ను సీఎస్‌వీగా కూడా దింపి పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకోండి, నంబర్ల కాలమ్ టెక్స్ట్‌గానే ఉందో లేదో చూసుకుని.