తిప్పతీగ సారం ఎలుకలకు ఎంతవరకు సురక్షితం? ఈ దారిలో చదువు, ఉద్యోగం

ప్రశ్న: బీఫార్మసీ మూడో సంవత్సరం చదువుతున్నాను. తిప్పతీగ సారం సురక్షితమో కాదో జంతువులపై పరీక్షించే పని నేర్చుకోవాలని ఉంది. ఏం చదవాలి?

జవాబు: జీప్యాట్ (ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష) రాసి ఎంఫార్మసీలో ఫార్మకాలజీ (మందులు శరీరంపై ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం) తీసుకోండి. బీఫార్మసీ ప్రాక్టికల్స్‌లో ఇప్పుడు చాలావరకు కంప్యూటర్ సిమ్యులేషన్లే కాబట్టి, ఎలుకను చేత్తో పట్టుకోవడం పీజీలోనే మొదలవుతుంది.

తిప్పతీగను ఎంచుకోవడం మంచిదే, కానీ అసలు చిక్కు ఎలుక దాకా రాకముందే ఉంది. కొవిడ్ కాలంలో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు ముంబయి వైద్యులు నివేదించినప్పుడు, వాళ్లు వాడింది అసలు తిప్పతీగేనా (టినోస్పోరా కార్డిఫోలియా), లేక దాన్ని పోలిన మరో మొక్కా (టినోస్పోరా క్రిస్పా) అన్న వివాదం రేగింది. అందుకే ముందు వృక్షశాస్త్రవేత్తతో మొక్కను గుర్తింపజేసి, నమూనాను హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట) భద్రపరచండి. మిథనాల్ అనే ద్రావణితో సారం తీస్తే ఆ ద్రావణి పూర్తిగా పోయేదాకా ఆరబెట్టాలి. లేకుంటే ద్రావణి చేసిన హాని మొక్క ఖాతాలో పడుతుంది.

తర్వాత కాలేజీ జంతు నైతిక సంఘానికి ఫారం బి (జంతువులపై ప్రయోగానికి అనుమతి కోరే దరఖాస్తు) ఇవ్వాలి. అనుమతి రాకుండా ఒక్క ఎలుకనూ ముట్టకూడదు.

తీవ్ర విషప్రభావ పరీక్షకు (ఒక్క మోతాదుతో చేసేది) ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ మార్గదర్శకం 423 పద్ధతిలో ఒక్కో దశకు 3 ఆడ ఎలుకలు చాలు. హాని ఉండదని ముందే ఆధారముంటే కిలో బరువుకు 2000 మి.గ్రా.తో, లేకుంటే 300తో మొదలుపెడతారు. రాత్రి మేత ఆపి, ఉదయం తూచి, నోటిద్వారా గొట్టపు సూదితో ఇస్తారు. మొదటి అరగంటలో, ఆపై నాలుగు గంటలదాకా జాగ్రత్తగా చూసి, 14 రోజులు గమనిస్తారు.

చేయి తిరగనివాళ్లు తడబడేది ఇక్కడే. 200 గ్రాముల ఎలుకకు 2000 మోతాదంటే 400 మి.గ్రా. దాన్ని 2 మి.లీ.లో కలిపితే పాకంలా చిక్కబడి సూది మూసుకుపోతుంది. నీటి ద్రావణమైతే 4 మి.లీ. వరకు ఇవ్వచ్చు. సూది శ్వాసనాళంలోకి వెళ్తే ఎలుక నిమిషాల్లో చనిపోవచ్చు. శవపరీక్షలో ఊపిరితిత్తులు చూడకపోతే దాన్ని విషప్రభావమని రాసేస్తారు.

2000 దగ్గర ఒక్కటీ చావలేదని 'సురక్షితం' అని తేల్చేయడం థీసిస్‌లలో తరచూ కనిపించే తొందరపాటు. ఒక్క మోతాదు ఫలితం రోజూ వాడకానికి హామీ కాదు. దానికి 28 రోజుల పరీక్ష (ఓఈసీడీ 407) ఉంది: గుంపుకు 5 మగ, 5 ఆడ, మూడు మోతాదుల గుంపులు, పోలిక కోసం సారం ఇవ్వని ఒక కంట్రోల్ గుంపు. కిలో బరువుకు 1000, 500, 250 మి.గ్రా. మోతాదులకు దాదాపు 100 గ్రాముల సారం కావాలి. ఎలుకల బరువు పెరుగుతుంది కాబట్టి 150 గ్రాములు సిద్ధం చేసుకోండి. దిగుబడి పదో వంతైతే కిలోన్నర ఎండు కాండం, అదీ ఒకే బ్యాచ్‌లో. మధ్యలో బ్యాచ్ మారితే ఫలితాలు పోల్చలేం.

ఉద్యోగాలు హైదరాబాద్, బెంగళూరుల్లోని ప్రీక్లినికల్ ల్యాబ్‌లలో (మనుషులకు ఇచ్చేముందు మందులను పరీక్షించే చోట్ల) ఉంటాయి. వాళ్లకు సూది వేసేవారికన్నా, జీఎల్‌పీ (ల్యాబ్ పనికి నాణ్యతా నియమాలు) పద్ధతిలో రికార్డు రాసేవారు, మైక్రోస్కోప్ కింద చూసే కాలేయం, మూత్రపిండాల స్లైడ్లు అర్థం చేసుకునేవారు ఎక్కువ అవసరం. 2023లో కొత్త మందుల నిబంధనల్లో జంతువులు లేని పద్ధతులకూ చోటిచ్చారు కాబట్టి సెల్ కల్చర్ (ల్యాబ్‌లో కణాలను పెంచడం) కూడా నేర్చుకోండి. కాలేజీలో చేరేముందు అక్కడి ప్రయోగ జంతుశాల రిజిస్ట్రేషన్ ఇప్పుడు అమల్లో ఉందా, స్లైడ్లు చదివే ప్యాథాలజిస్టు ఎవరు అని అడగండి.