సబ్‌మెరైన్ చరిత్ర రాయబోయే మేనల్లుడికి

ఒరేయ్ అబ్బాయీ, ఆశీస్సులు.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్‌లో తిరిగిన అమెరికా సబ్‌మెరైన్ చరిత్ర రాస్తానన్నావు, సంతోషం. ముందు దాని వార్ పెట్రోల్ రిపోర్టులు, అంటే యుద్ధ గస్తీ నివేదికలు, పట్టుకో. సముద్రం మీదికి వెళ్లొచ్చిన ప్రతిసారీ కెప్టెన్ రాసిచ్చినవి అవి. అసలు కాగితాలు మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చాలావరకు స్కాన్లు దొరుకుతాయిలే, అంత దూరం పోనక్కర్లేదు.

అందరూ రోజువారీ కథనం చదివి ఆపేస్తారు. అసలు సరుకంతా దాని వెనక ఉంటుంది. ఏ ఓడ ఎక్కడ కనపడింది, టార్పెడోలు ఎంత లోతుకి సెట్ చేసి వదిలారు, ఏ యంత్రం మొరాయించింది, ఆయిల్ ఎంత ఖర్చయింది, ఆఖరికి తిండి ఎలా ఉందో కూడా విడివిడిగా రాసేవారు. మార్క్ 14 టార్పెడో మొదట్లో పెట్టిన లోతుకన్నా సుమారు పది అడుగులు కిందుగా పోయేది. అది సరిచేశాక కూడా, తిన్నగా తగిలితే లోపలి పిన్ను దెబ్బతిని పేలేది కాదు. 1943 జులై 24న టినోసా అనే అమెరికా సబ్‌మెరైన్, కదల్లేక నిలబడిపోయిన జపాన్ ఓడ తోనన్ మారు 3 మీద వదిలినవి వరసగా తుస్సుమన్నాయి. ఇవేవీ చూడకుండా కెప్టెన్ చేతకానివాడని రాశావంటే పాపం మూటగట్టుకున్నట్టే.

రిపోర్టుకి పైఅధికారుల వ్యాఖ్యలు జతచేసి ఉంటాయి, ఎన్ని ఓడలు ముంచినట్టు క్రెడిట్ ఇచ్చారో అందులో ఉంటుంది. దాన్నే పట్టుకుని కూర్చోకు. చీకట్లో కొట్టి, డెప్త్ చార్జీలు (నీళ్లలోపల పేలే బాంబులు) తప్పించుకోవడానికి వెంటనే లోతుకి దిగిపోయినవాడు ఎంతని చూడగలడు? పేలుడు వినపడింది, మునిగిందనుకున్నాడు. అబద్ధమాడాడని కాదు. యుద్ధం అయ్యాక జపాన్ రికార్డులతో సరిచూసి 1947లో జానాక్ అనే అమెరికా ఆర్మీ-నేవీ ఉమ్మడి కమిటీ పట్టిక వేస్తే, మొత్తం మీద ఆ లెక్కలు బాగా తగ్గిపోయాయి. అయితే 500 టన్నుల లోపు వ్యాపార నౌకల్ని వాళ్లు లెక్కలోకే తీసుకోలేదు. టాంగ్ అనే సబ్‌మెరైన్‌కి వాళ్లిచ్చినవి 24 ఓడలు, తర్వాతి పరిశోధనలో 33 అయ్యాయి. అందుకే ప్రతి దాడికీ కెప్టెన్ మాట, జానాక్ మాట, జపాన్ రికార్డు మాట పక్కపక్కన రాసుకో. మూడూ కలవకపోతే కలవలేదనే రాయి.

వాటిని కలిపేటప్పుడు తేదీలతో తలనొప్పి తప్పదు. పెర్ల్ హార్బర్ దాడి హవాయిలో డిసెంబర్ 7, జపాన్‌లో 8. జపాన్ నేవీ ఎక్కడున్నా టోక్యో టైమే వాడేది. అన్నిటినీ ముందు ఒకే టైములోకి మార్చుకో, లేకపోతే ఒకే ఓడని రెండుసార్లు ముంచేస్తావు.

అధికారిక రికార్డులో ఉంది కదా అని నిశ్చింతగా ఉండకు. జర్మన్ల సబ్‌మెరైన్ యూ-869 ఆఫ్రికా తీరం దగ్గర మునిగిందనే యుద్ధం తర్వాత రాసుకున్నారు. 1991లో డైవర్లకి దాని శిథిలం న్యూజెర్సీ తీరాన దొరికింది. విడిభాగాల పెట్టె మీది ట్యాగు చదివాకే, 1997లో అది ఏదో ఖాయమైంది.

సిబ్బంది ఫైళ్లు అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉంటాయి. 1973లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో అన్నీ కాలిపోయాయని ఎవరైనా చెబితే వెనక్కి తగ్గకు. పోయినవి ప్రధానంగా ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ ఫైళ్లు.

మొదటి గస్తీ పట్టిక తయారవగానే నాకు పంపు.

మీ మామయ్య