కోనసీమ వరిచేలలో కొండ చీపురు

ప్రశ్న: ఎండబెట్టి భద్రపరచిన మొక్కల నమూనాల వివరాలను ఇంటర్నెట్‌లో చూస్తుండగా, కొండ చీపురు గడ్డికి చెందిన పాత హెర్బేరియం రికార్డు ఒకటి కనిపించింది. సేకరించిన చోటు ‘గోదావరి జిల్లా’ అని మాత్రమే ఉంది. పటంలో గుర్తు మాత్రం కోనసీమ వరిచేల నడుమ పడింది. మా లంకల్లో రెల్లు, దర్భ ఎరుగుదుము గాని ఈ గడ్డిని ఎన్నడూ చూడలేదు. ఒకప్పుడు ఇక్కడ పెరిగి, తరవాత అంతరించిందా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఆ ఒక్క గుర్తును బట్టి అలా అనుకోవడానికి వీలులేదు. కొండ చీపురు, అంటే థైసనోలీనా లాటిఫోలియా, కొండవాలుల్లోను, అడవి అంచుల్లోను, సెలయేటి గట్ల మీదా పెరిగే గడ్డి. మారేడుమిల్లి, రంపచోడవరం ప్రాంతాల గిరిజనులు దాని కంకులను కోసి చీపుర్లు కడతారు. నీరు నిలిచే డెల్టా వరి మడి దాని సహజమైన చోటు కాదు.

పటంలోని గుర్తును పెట్టినది మొక్కను సేకరించినవారు కారు. వారు చీటీ మీద ఊరి పేరో కొండ పేరో, ఒక్కొక్కసారి జిల్లా పేరు మాత్రమో రాసి ఊరుకున్నారు. ఎన్నో ఏళ్లకు ఆ వివరాలను కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు, అక్షాంశ రేఖాంశాలు లేని నమూనాలకు జిల్లా మధ్యబిందువునో, స్థలనామాల పట్టికలో ‘గోదావరి’ అన్న పేరుకు ఎదురుగా దొరికిన చోటునో ఇవ్వడం కద్దు. పాత జిల్లా మధ్యబిందువే అయితే గుర్తు ఇంకా ఉత్తరాన, మన్యం వైపు పడాలి కనుక, మీరు చూసినదానిలో రెండోదే జరిగి ఉంటుందని నా ఊహ. గుర్తు ఎంత దూరం వరకు తప్పి ఉండవచ్చో మీటర్లలో తెలిపే గడి కూడా ఇలాంటి రికార్డుల్లో ఉంటుంది గాని, తరచు దాన్ని ఖాళీగా వదిలేస్తారు.

జిల్లా పేరును కూడా చీటీ మీది తేదీని బట్టి చదవాలి. 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాలో డెల్టాతో పాటు రంప కొండలు ఉండేవి; 1874లో భద్రాచలం తాలూకా కూడా వచ్చి చేరింది. 1925లో అది తూర్పు గోదావరి అయింది. 2022 విభజనలో రంపచోడవరం అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లింది. కాబట్టి 1925కు ముందటి చీటీలో ‘గోదావరి జిల్లా’ అని ఉంటే, అది మీ ఊరికి ఎంత వర్తిస్తుందో మారేడుమిల్లి అడవికీ అంతే వర్తిస్తుంది. 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ కాలానికి వెళితే చిక్కు ఇంకా ఎక్కువ. ఆయన నమూనాలు చాలావాటికి కచ్చితమైన చోటు గాని తేదీ గాని లేవు.

నిజం తేల్చుకోవడానికి చక్కని దారి ఒకటి ఉంది. నమూనా ఛాయాచిత్రాన్ని తెరిచి, చీటీ మీది సేకర్త పేరు, వరుస సంఖ్య, తేదీ రాసుకోండి. తరవాత అదే వ్యక్తి అదే రోజున, దానికి ముందువెనుక సంఖ్యలతో సేకరించిన ఇతర మొక్కలను వెతకండి. వాటిలో ఒక్కదానికైనా ఊరి పేరు ఉంటే ఆనాటి దారి దాదాపుగా తెలిసిపోతుంది. బొటానికల్ సర్వే వారి ఇండియన్ వర్చువల్ హెర్బేరియంలోనూ వెతకవచ్చు. ఈ గడ్డి పాత షీట్ల మీద థైసనోలీనా మాక్సిమా అనో, థైసనోలీనా అగ్రోస్టిస్ అనో ఉండవచ్చు కనుక మూడు పేర్లతోనూ చూడాలి. ఒకే సేకరణ నుంచి తీసిన జంట నమూనాలు వేర్వేరు హెర్బేరియాలకు చేరతాయి గనుక, నాలుగు రికార్డులు కనిపించినా అవి నాలుగు చోట్లు కాకపోవచ్చు.

ఒకవేళ చీటీలో అమలాపురమనే స్పష్టంగా ఉంటే, అప్పుడు ఆకును చూడండి. కొండ చీపురు ఆకు వెడల్పుగా, ఈటె మొన ఆకారంలో ఉంటుంది. రెల్లు ఆకు సన్నగా, దాని కంకి తెల్లని పట్టు నూగుతో ఉంటుంది. ఆకు కూడా కొండ చీపురుదే అని తేలితే, ఎవరి పెరట్లోనైనా నాటిన దుబ్బు నుంచి కోశారా అన్నది అడగవలసిన తరవాతి ప్రశ్న. దానికి జవాబు చీటీ అడుగున సేకర్త రాసుకున్న చిన్న గమనికలోనే ఎక్కువగా దొరుకుతుంది.