రువాండా వెళ్తున్న మా బుజ్జికి

బుజ్జీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివా. 1994 ఊచకోత మీద థీసిస్ కోసం రువాండా వెళ్తున్నా బాబాయ్, కాపాడినవాళ్లు, చంపినవాళ్లు, చూస్తూ ఊరుకున్నవాళ్లు అని మూడు లిస్టులు వేసుకున్నా, ఒక్కో లిస్టుకి ఇరవై మంది కావాలి అన్నావు. ముందు ఆ లిస్టులు పక్కన పెట్టు తల్లీ. నేను హూయేలో, అదే పాత బుటారేలో, ఆరేళ్లు పాఠాలు చెప్పా. అక్కడి మనుషులు అలా మూడు వరసల్లో నిలబడరు. తెలిసినవాణ్ణి ఇంట్లో దాచిపెట్టి పొద్దున్నే గుంపుతో కత్తి పట్టుకెళ్లి ఇంకొకర్ని చంపొచ్చినవాళ్లున్నారు, డబ్బులు తీసుకుని దాచి అవి అయిపోగానే బయటికి గెంటేసినవాళ్లున్నారు, వాళ్లనే లిస్టులో రాస్తావ్?

హుటు, టుట్సీ అని అక్కడ రెండు వర్గాలు, నువ్వు హుటువా టుట్సీవా అని మాత్రం ఎవర్నీ అడగొద్దు. అక్కడ పాలించినప్పుడు బెల్జియం వాళ్లు గుర్తింపు కార్డుల మీద రాయించిన ఆ ఒక్క మాట చూసే 1994లో టుట్సీలను రోడ్డు మీద ఆపి చంపారు, అందుకే ఇప్పుడు కార్డుల్లో అది లేదు. వంద రోజుల్లో ఎనిమిది లక్షల మంది పోయారంటారు, అక్కడి ప్రభుత్వం పది లక్షలు దాటిందంటుంది. ఈ లెక్కలు వాళ్ల ముందు చదవకు, వాళ్లకి లెక్క అంటే ఇంట్లోవాళ్ల పేర్లు.

బుటారే వెళ్తే ఒకటి అడుగు. అక్కడి ప్రిఫెక్ట్, అంటే మన కలెక్టర్ లాంటాయన, జాన్-బాటిస్ట్ హబ్యరిమానా, టుట్సీ. ఏప్రిల్ 7న దేశమంతా అంటుకున్నా ఆయన ఉన్నన్నాళ్లూ ఆ జిల్లాలో చాలావరకు చంపుకోవడం మొదలవ్వలేదు, ఆయన్ని తీసేశారు, 19న కొత్త ప్రెసిడెంట్ వచ్చి రెచ్చగొట్టి వెళ్లాడు, ఆ తర్వాత మొదలైంది, చివరికి ఆ ప్రిఫెక్ట్‌నీ చంపేశారు. ఆ పన్నెండు రోజులు మీరేం చేశారు, ఆ తర్వాతి రోజు ఏం మారింది అని అడుగు. చూస్తూ ఊరుకున్నవాడి సంగతి మొత్తం అక్కడే ఉంటుంది.

అలా ఊరుకున్నవాళ్ల దగ్గర ఎక్కువసేపు కూర్చో, ఎందుకంటే నేనేం చెయ్యలేదండీ అనేవాళ్లే ఎక్కువ. ఆ ఊచకోత కేసుల కోసం గచాచా అని ఊరి కోర్టులు పెట్టారు కదా, లాయర్లు లేరు, గడ్డి మీద కూర్చుని ఊళ్లోవాళ్లే జడ్జిలు. 2012లో మూసేసేలోపు దాదాపు 19 లక్షల కేసులు చూస్తే అందులో సగం పైనే దోపిడీ కేసులు. పక్కింటాయన ఆవు, కప్పు రేకులు, తలుపు. చంపలేదు నిజమే, కానీ చనిపోయినవాడి తలుపు తెచ్చి తన ఇంటికి బిగించుకున్నాడు, బతికొచ్చిన పిల్ల రోజూ ఆ తలుపు ముందునుంచే నడిచి నీళ్లకెళ్లాలి. అది నన్ను ఇప్పటికీ వదలదు బుజ్జీ.

కాపాడినవాళ్లు గొప్పలు చెప్పుకోరు, ఊళ్లో అందరికీ నచ్చరు కూడా, వాళ్లు చెయ్యగలిగారంటే మిగతావాళ్లెందుకు చెయ్యలేదన్న ప్రశ్న వస్తుంది కదా. జురా కరుహింబి అని ముసలావిడ, 2018లో పోయింది, చిన్న ఇంట్లో వందమందికి పైగా దాచింది. ఊరు ఆవిణ్ణి మంత్రగత్తె అనుకునేది, గుమ్మం దగ్గర గాజులు గలగలలాడించి లోపలికొస్తే దెయ్యాలు మిమ్మల్ని వదలవని బెదిరించేది, దురద పుట్టించే ఆకులు పూసేది. ఆయుధం లేదు, ఆస్తి లేదు.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. వెళ్లిన కొత్తలో, ఏప్రిల్‌లోనే, మా ఇంటి ఓనరు పెద్దావిడతో భోంచేస్తూ మీవాళ్లెవరైనా పోయారా అండీ అని అడిగేశా. ఆవిడ ఏం మాట్లాడలేదు, లేచి వెళ్లి గిన్నెలు తోమింది, తోమినవే మళ్లీ తోమింది, జులై దాకా నాతో మాట్లాడలేదు. ఏప్రిల్ 7 నుంచి జులై 4 దాకా వాళ్ల సంతాపం రోజులు, ఇంటర్వ్యూలు ఆగస్టు తర్వాత పెట్టుకో. ట్రాన్స్‌లేటర్‌గా ఆ ఊరివాణ్ణే తీసుకోకు, వాడి మేనమామ పేరే రావొచ్చు. మధ్యలో మాట ఆగితే రికార్డర్ ఆపెయ్, ఫోన్ చూడకు, కూర్చో. టీ ఇస్తే తాగు.