గ్లూటరాల్డిహైడ్ జోలికి వెళ్ళే ముందు

పెదవాల్తేరు, విశాఖపట్నం

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

కణపొరలో జీఎం1 అనే, చక్కెర తల ఉన్న లిపిడ్ (కొవ్వు అణువు) ఎక్కడెక్కడ ఉందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూడదలచానని, ముందుగా కణాలను ఉన్నవి ఉన్నట్టు బిగించే రసాయనం గ్లూటరాల్డిహైడ్‌లో వేస్తానని రాశావు. అక్కడే ఆగమ్మా. అది అమైనో సమూహాలను పట్టుకుంటుంది కనుక ప్రోటీన్లు నిలుస్తాయి; లిపిడ్లలో మాత్రం ఫాస్ఫాటిడిల్ సెరీన్, ఫాస్ఫాటిడిల్ ఇథనోలమైన్ వంటి వాటికి తప్ప మిగతా వాటికి అది పట్టదు, అవి పొరలో తిరుగుతూనే ఉంటాయి.

నేనూ ఈ గోతిలో పడ్డవాణ్ణే. కలరా టాక్సిన్ బి భాగం ఒక్కొక్కటి అయిదు జీఎం1 అణువులను పట్టగలదు. ఆల్డిహైడ్‌లో ఉంచిన కణాలకు దాన్ని కలిపి, దానికి అంటుకునే యాంటీబాడీతో గుర్తుగా తగిలించిన బంగారు రేణువులు గుత్తులుగా కనబడగానే నెలల తరబడి సంబరపడ్డాను. టాక్సిన్‌లో ఉంచే సమయం పెంచినకొద్దీ గుత్తులూ పెద్దవవుతుంటే అప్పుడు వచ్చింది అనుమానం: వాటిని పోగుచేస్తున్నది నేనే.

అందుకని కణాలను క్షణంలో గడ్డకట్టించి, పగలగొట్టి, పగులు ముఖం మీద ప్లాటినం, కార్బన్ ఆవిరి పట్టించి రెప్లికా, అంటే ఆ ముఖపు పలుచని అచ్చు, తియ్యి. ఆ లోహపు పూత లిపిడ్ తోకలను కదలనివ్వదు. ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌తో మిగతా కణపదార్థాన్ని కడిగేశాక లిపిడ్ తలలు టాక్సిన్‌కు, బంగారు గుర్తుకు అందుతాయి. పొర ప్రోటీన్ల కోసం కజుషి ఫుజిమోటో 1995లో ప్రకటించిన ఈ పద్ధతిని తొయోషి ఫుజిమోటో బృందం లిపిడ్లకు మలిచింది. వారికీ 2007లో జీఎం1 గుత్తులు కనిపించాయి, కానీ కణాలను చల్లబరిస్తే చెదిరాయి. కాబట్టి గడ్డకట్టించే ముందు కణాలను ఐస్ మీద పెట్టకు.

మన ఊరి గాలిలో తేమ సంగతి నీకు చెప్పనక్కర్లేదు. ద్రవ నైట్రోజన్‌లోంచి తీసిన ఫోర్సెప్స్ కొనకు చూస్తుండగానే తెల్లటి నూగు పడుతుంది. అది పగులు ముఖానికి చేరితే ఆ రోజు పని పోయినట్లే. వాడిన ప్రతిసారీ హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి మళ్ళీ ముంచు. రెప్లికా నీటిలో టీ మీది మీగడ తరకలా తేలుతుంది, మైక్రోస్కోపులో పెట్టే చిన్న లోహపు జల్లెడ, అదే గ్రిడ్‌ను, కింద నుంచి నిదానంగా ఎత్తు.

జీఎం1 ఉండేది పొర బయటి పక్కన గనుక రేణువులు ఇ-ముఖం (పగిలిన పొరలో బయటి సగం) మీద పడాలి. పి-ముఖం (లోపలి సగం) మీదా అంతే పడితే నమ్మకు. టాక్సిన్‌ను ముందే విడి జీఎం1తో కలిపి ఒక గ్రిడ్ వేరుగా చెయ్యి, అందులో రేణువులు దాదాపు మాయం కావాలి. యాంటీబాడీ పొడవు వల్ల రేణువు అసలు లిపిడ్‌కు 20 నానోమీటర్ల దూరంలో ఉండవచ్చని కూడా లెక్కలో పెట్టుకో.

రెండు ముఖాల ఫోటోలూ ఒకే మాగ్నిఫికేషన్‌లో తీసి పంపు.

మీ మాస్టారు